లెక్కకు ముందు

శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రతనయ తీరాన, ఒడిశా సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడక పూర్వం ఈ ప్రాంతం గంజాం జిల్లాలోనిది. సరిహద్దు గీసినప్పుడు పర్లాకిమిడి ఒరిస్సాకు పోగా, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే నిలిచి విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అవతరించడంతో దాని కిందికి వచ్చింది. ఉన్న ఇల్లు కదలకుండానే ఆ ఊరి పెద్దలు మూడు జిల్లాలవారైనారు. దత్తాంశంతో, అనగా సేకరించిన అంకెలతోను వివరాలతోను పనిచేయదలచిన విద్యార్థికి ఈ ఊరి చరిత్రే తొలి పాఠం కాగలదు.

ఒక విద్యార్థి 1971, 1981 జనాభా లెక్కల పుస్తకాలు ముందు పెట్టుకొని, శ్రీకాకుళం జిల్లా అంకెలను స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి రేఖాచిత్రం గీశాడనుకొందాం. గీత పైకి పోవలసింది పోయి కిందికి దిగుతుంది. అతడు కరవునో వలసనో కారణంగా ఊహించి రెండు పేజీల వ్యాఖ్య వ్రాయవచ్చు. వాస్తవానికి జరిగింది వేరు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం ప్రాంతాలు శ్రీకాకుళం నుండి విడిపోయినవి. 2022 ఏప్రిల్ 4న మరల అటువంటి మార్పే జరిగి పాలకొండ, సీతంపేట, భామిని మొదలైన మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి. కనుక జిల్లా మొత్తాలను నేరుగా పోల్చరాదు. గ్రామాల వారీగానో మండలాల వారీగానో అంకెలు తీసుకొని, ఒకే ఎల్లలకు లోబడినవాటిని కూడి పోల్చవలెను. ఎక్సెల్ కూడికలో పొరపడదు. అయితే ఏవి కూడదగినవో, ఏవి కూడరానివో దానికి తెలియదు.

దత్తాంశాన్ని సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నించవలెనన్నది సాంఖ్యక శాస్త్రంలో పెద్దల మార్గం. సర్ హెర్బర్ట్ రిస్లీ 1891లో బెంగాల్ ప్రజల శరీర కొలతలను ప్రచురించాడు. భారతీయ సాంఖ్యక సంస్థ వ్యవస్థాపకుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆ ముద్రిత పట్టికలను పరిశీలించి, వాటిలోని పరస్పర వైరుధ్యాలను గుర్తించి, సవరణలను 1933లో ప్రకటించాడు. ఒక కొలతను మరొక కొలతతో సరిచూడడమే ఇటువంటి పరిశీలనకు కీలకం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, పిదప మహలనోబిస్ శిష్యుడై ప్రపంచఖ్యాతి గడించిన కల్యంపూడి రాధాకృష్ణారావు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథంలో ఈ ప్రశ్నించే పద్ధతికి విశేష స్థానమిచ్చాడు. ఆ కాలంలో ఆ పనికి కాగితము, కలము, యంత్రగణకమే ఆధారాలు.

నేడు సాధనాలు మారినవి కాని తప్పుల స్వభావం అంతగా మారలేదు. పాతపట్నం పేరునే తీసుకొందాం. ఒకరు ‘పాతపట్నం’ అని, వేరొకరు ‘పాతపట్టణం’ అని వ్రాస్తారు. ఆంగ్లలిపిలో ‘టి’ తరువాత ‘హెచ్’ చేర్చేవారు కొందరు, చేర్చనివారు కొందరు. పేరు చివర కంటికి కానరాని ఖాళీ ఒకటి చేరినా యంత్రం దానిని వేరొక ఊరుగా లెక్కించగలదు. ‘ట్రిమ్’ సూత్రం అదనపు ఖాళీలను తొలగిస్తుంది. పివట్ పట్టిక వేసినచో ఒకే ఊరు ఎన్ని రూపాలలో ఉన్నదో బయటపడుతుంది. మనుషుల పేర్ల విషయంలో చిక్కు ఇందుకు విపర్యయం. ఉత్తరాంధ్రలో అప్పలనాయుడు, అప్పలస్వామి అనే పేర్లు ఊరూరా వినిపిస్తాయి. పేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడే అనుకొని వరుసలు తొలగించినచో ఒక రోగి వివరమో, ఒక పింఛనుదారు వివరమో మాయమైపోతుంది. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు కలిపి చూచిన పిమ్మటనే నిర్ణయించవలెను.

వయస్సుల్లోను ఒక విశేషమున్నది. పుట్టిన తేదీ తెలియనివారు నలభై, నలభై ఐదు, యాభై అని గుండ్రపు సంఖ్యలు చెప్పుతారు. జనాభా లెక్కల్లో ఆ వయస్సుల వద్ద గుంపులు కనబడడానికి కారణమిదే. దీనిని దిద్దరాదు, ఐదేసి, పదేసి ఏండ్ల వర్గాలుగా చేసి చూచుట మేలు. ఖాళీ గడిలో సున్న వ్రాయుట మాత్రం పెద్ద దోషం. సగటు కట్టునప్పుడు ఎక్సెల్ ఖాళీ గడిని విడిచిపెడుతుంది, సున్నను కలుపుకొంటుంది. ‘తెలియదు’ వేరు, ‘లేదు’ వేరు.

ఐదుగురి దినకూలి వరుసగా 300, 320, 350, 380, 400 రూపాయలైతే సగటు 350. చివరి అంకెకు పొరపాటున ఒక సున్న చేరి 4000 అయినచో సగటు 1070కి ఎగబాకుతుంది. మధ్యగతం, అనగా వరుసలో నడుమనున్న విలువ, 350గానే నిలుస్తుంది. సగటు, మధ్యగతం ఇంత దూరమైనప్పుడు మూల కాగితం తిరిగి చూడవలెను. అసాధారణమైన ప్రతి అంకె తప్పు కాదు. ఆధారం లేక తుడిచివేయుట కూడ అసత్యమే.

పరిమాణపు హద్దులు ఎరుగకపోవుటచే ప్రమాదం ఎంతవరకు పోగలదో 2020లో ఇంగ్లండులో కనబడింది. పాత ఎక్సెల్ రూపంలో ఒక పుటకు 65,536 వరుసలే పడతాయి. ఆ హద్దు దాటిన కోవిడ్ నిర్ధారణలు జారిపోగా, 15,841 కేసులు సకాలంలో లెక్కకు రాలేదు. ఆ రోగులతో మెలగినవారిని వెదకే పని ఆలస్యమైంది.

అందుచేత మూల దత్తాంశాన్ని ముట్టక, నకలులోనే దిద్దుబాట్లు చేయవలెను. చేర్చిన వరుసలను లెక్కించి మూలంతో సరిచూడవలెను. ఎక్సెల్‌లో చేసిన ప్రతి మార్పును వేరొక పుటలో కారణంతో సహా వ్రాసుకొనుట శ్రమే. ఉచితంగా లభించే ‘ఆర్’ వంటి సాంఖ్యక సాఫ్ట్‌వేర్‌లోనైతే ఆదేశాలే వరుసగా నిలిచి ఆ చిట్టాగా పనికివస్తాయి. మరొకరు వాటిని మొదటినుండి నడిపి చూడవచ్చు. భామిని మండలం పేరు పక్కన ‘4-4-2022 నుండి జిల్లా మారినది’ అన్న చిన్న టిప్పణి ఉన్నచో, పదేండ్ల తరువాత ఆ పట్టిక తెరిచిన విద్యార్థి శ్రీకాకుళంలో జనం ఏమైపోయారని వెదకనవసరం ఉండదు.