ఆ నాలుగు రూపాయలు ఎవరికి వెళ్తాయి?



శనివారం సాయంత్రం మీ అమ్మాయిని వెంటబెట్టుకొని సరుకుల కోసం పెద్ద దుకాణానికి వెళ్ళారనుకోండి. బిల్లు 486 రూపాయలయింది. కౌంటరు దగ్గర పనిచేసే అమ్మాయి, "సార్, 490 చేసేయమంటారా? ఆ నాలుగు రూపాయలు పేదపిల్లల చదువుకు వెళ్తాయి" అని అడిగింది. మీ వెనుక ఐదారుగురు వరుసలో ఉన్నారు. వద్దంటే వాళ్ళేమనుకుంటారో అనిపించింది. "సరే, వేసెయ్యమ్మా" అన్నారు. బయటికి వచ్చాక మీ కూతురు అడిగింది: "నాన్నా, ఆ నాలుగు రూపాయలు ఎవరికి వెళ్తాయి?" మీ దగ్గర జవాబు లేదు.

ఈ వారం ఆ పాప ప్రశ్ననే మన పాఠంగా తీసుకుందాం. నాలుగు రూపాయలకు ఇంత ఆలోచన అవసరమా అని మీరనవచ్చు. వారానికి రెండుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 416 రూపాయలవుతుంది. రోజుకు వెయ్యిమంది వచ్చే దుకాణంలో మనిషికి రెండు రూపాయలు పోగైనా నెలకు 60 వేలు. చిన్న మొత్తం మన జేబుకే చిన్నది. అంతకన్నా ముఖ్యం, దానధర్మం అంటే ఏమిటో మన పిల్లలు ఆ కౌంటరు దగ్గరే చూసి నేర్చుకుంటున్నారు.

మూడు వేరువేరు సంగతులు

ముందుగా మూడింటిని విడదీసి చూడాలి. మొదటిది, బిల్లు అడుగున కనిపించే "రౌండాఫ్". పైసలను దగ్గరి రూపాయికి సరిచేయడం అది. 25 పైసలు, అంతకన్నా తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటులో లేవు. అందువల్ల ఈ సర్దుబాటు లెక్కల సౌకర్యం కోసమే, దానం కాదు. రెండవది, చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టడం. అదీ దానం కాదు. మిగిలిన చిల్లర మనకు న్యాయంగా రావలసిన సొమ్ము. మూడవది, మనల్ని అడిగి, మనం ఒప్పుకుంటే బిల్లు పెంచి, ఆ పెంచిన మొత్తాన్ని సేవాసంస్థకు పంపడం. మనం మాట్లాడుకుంటున్నది దీని గురించే.

ఇందులో అసలు మాట "అడిగి" అన్నది. ఫోనులో సరుకులో, టిక్కెట్లో కొనేటప్పుడు విరాళం గడిలో ముందే టిక్కు పెట్టి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. గమనించకపోతే రూపాయో రెండో పోతుంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు ఇలాంటి 13 మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. కొనేవారి అనుమతి లేకుండా విరాళాన్ని బిల్లులో కలపడం వాటిలో ఒకటి. వద్దన్నవారు సిగ్గుపడేలా మాటలు పెట్టడం మరొకటి. ఇలాంటివి ఎదురైతే వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. దానం పేరుతోనైనా సరే, అడగకుండా తీసుకోవడం తప్పేనని చట్టం గుర్తించింది.

ఎవరి సొమ్ము, ఎవరి పేరు?

మనమిచ్చిన ఆ రూపాయలు దుకాణం లాభం కాదు. వాటిని చేరవలసిన చోటికి చేర్చే బాధ్యత మాత్రమే దుకాణానిది. నిజాయితీగా నడిపేవారు ఏ సంస్థకు ఇస్తున్నారో బోర్డు మీద వ్రాస్తారు, విరాళాన్ని బిల్లులో వేరుగా చూపిస్తారు, ఎంత పోగయిందో, ఎప్పుడు ఇచ్చారో చెబుతారు. అలాంటి చోట ఇవ్వడంలో తప్పేమీ లేదు. నలుగురూ కలిస్తే మంచిపని జరుగుతుంది.

అయితే అందరి రూపాయలూ పోగుచేసి, పెద్ద చెక్కు పట్టుకొని, తమ సొంత దానమన్నట్టు ఫోటో దిగితే అది సరికాదు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, చట్టం నిర్ణయించిన స్థాయికి చేరిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక సేవకు ఖర్చు చేయాలి. అది వారు తమ లాభంలోంచి తీయవలసిన సొమ్ము. కొనేవారి చిల్లర దానికి బదులు కాజాలదు.

రెండవ వాటికన్ మహాసభ 1965లో గృహస్థ విశ్వాసుల ప్రేషిత సేవను గురించి వెలువరించిన పత్రం ఇక్కడ మనకు దారి చూపుతుంది. ముందు న్యాయాన్ని నెరవేర్చాలి, న్యాయంగా చెల్లించవలసినదాన్ని దానంగా చూపకూడదు అన్నది ఆ బోధ సారం. ఇది దుకాణాలకే కాదు, మనకూ వర్తిస్తుంది. ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం ఆలస్యం చేసి, కౌంటరు దగ్గర నాలుగు రూపాయలిచ్చి తృప్తి పడితే మన లెక్కా తప్పినట్టే.

సువార్త ఏమంటుంది?

మార్కు సువార్త 12వ అధ్యాయంలోని పేద విధవరాలిని మీరెరుగుదురు. ఆమె వేసినవి రెండు చిన్న కాసులు. మన నాలుగు రూపాయలు కూడా అంతే కదా అని మనం సంబరపడతాం. కాని ప్రభువు మెచ్చుకున్నది కాసులు చిన్నవైనందుకు కాదు. అవి ఆమె బ్రతుకుతెరువంతా. మనమిచ్చే చిల్లర మాత్రం లేకపోయినా గమనించని సొమ్ము. ఆ కథలో మనం ఎవరి పక్కన నిలబడతామో నిజాయితీగా చూసుకోవాలి. ఇంకొక సంగతి, ఆమెను ఎవరూ నిలదీసి అడగలేదు.

పునీత పౌలుగారు యెరూషలేములోని పేదల కోసం విరాళాలు పోగుచేశారు. కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖ 9వ అధ్యాయంలో, బలవంతం మీదగాని, బాధపడుతూగాని ఇవ్వవద్దని చెప్పారు. అదే లేఖ 8వ అధ్యాయంలో, ఆ సొమ్ము విషయమై ఎవరూ వేలెత్తి చూపకుండా తీతుతోపాటు ఇతరులను కూడా పంపుతున్నానని వ్రాశారు. అంటే ఇచ్చేవానికి స్వేచ్ఛ, పోగుచేసేవాడు లెక్క చెప్పడం, ఈ రెండూ ఆనాటి నుంచీ ఉన్నవే. కాబట్టి "ఎవరికి వెళ్తాయి?" అని అడగడం పిసినారితనం కాదు.

మన విచారణల్లోని విన్సెంట్ దె పాల్ సభ 1833లో పారిస్‌లో పుట్టింది. ఆ సభ సమావేశాల్లో ఒక సంచి చేతులు మారుతుంది. ఎవరెంత వేశారో పక్కవారికి తెలియదు. ఉన్నవాడు గొప్పలు పోడు, లేనివాడు సిగ్గుపడడు. కౌంటరు దగ్గర జరిగేది దీనికి తలక్రిందులు. మీ వెనుక వరుసలో, కూలి డబ్బు లెక్కపెట్టుకొని వచ్చిన మనిషి ఉండవచ్చు. ఆ నాలుగు రూపాయలు అతని బస్సు ఛార్జీలోవి కావచ్చు. అతను వద్దంటే మనం తల తిప్పి చూడకూడదు.

మనం చేయదగినవి

అడిగినప్పుడు, "ఏ సంస్థకమ్మా?" అని నెమ్మదిగా అడగండి. జవాబు తృప్తినిస్తే సంతోషంగా ఇవ్వండి. లేకపోతే "ఈసారి వద్దమ్మా" అనండి. ఆ అమ్మాయిని కసరకండి. అడగమని యజమాని చెబితేనే ఆమె అడుగుతోంది. బిల్లు తప్పక తీసుకొని, విరాళం వేరుగా ఉందో లేదో చూడండి.

వద్దన్నరోజున ఇంటికి వచ్చి ఆ నాలుగు రూపాయలను పిల్లల చేతే ఒక డబ్బాలో వేయించండి. ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి పక్కన పెట్టిన తల్లుల వాడుక ఇలాంటిదే. ఆ గుప్పెడు మిగిలినది కాదు, వండకముందే తీసినది. నెలాఖరున డబ్బా తెరిచి, ఎవరికివ్వాలో పిల్లలనే నిర్ణయించమనండి. పక్కవీధిలో మంచాన పడ్డ ముసలాయన మందులకో, తోటి విద్యార్థి నోటు పుస్తకాలకో ఇస్తారు. అప్పుడు మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఆమే చెప్పగలుగుతుంది.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. కిందటి నెలలో మనం ఇచ్చినవాటిలో ఇష్టంతో ఇచ్చినవెన్ని, మొహమాటంతో ఇచ్చినవెన్ని?
2. మనం ఎవరికైనా న్యాయంగా చెల్లించవలసినది బాకీ ఉన్నామా?
3. ఈ నెల మన డబ్బాలోని సొమ్ము ఎవరికి చేరాలి? ఇవ్వడానికి మనలో ఎవరు వెళ్తారు?