ముందు బైరాన్‌పల్లి రాయి

రాజ్‌కిశోర్ నగర్,
బిలాస్‌పూర్.

మనవరాలికి,

పోలీసు చర్య మీద నీ వ్యాసం చదివానమ్మా. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు మీదికి సైన్యాన్ని పంపడం తప్పంటావు. ఆ వాదన నీ ఇష్టం. నిజాం పాలనను ‘ప్రశాంత రాజ్యం’ అన్నావు చూడు, పేచీ అక్కడే.

తనది స్వతంత్ర రాజ్యమంటూ భద్రతా మండలి దాకా వెళ్లిన ఆ ప్రభుత్వం కిందే వెట్టిచాకిరీ సాగింది. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన ఖాసిం రజ్వీ దళం, రజాకార్లు, ఊళ్ల మీద పడ్డారు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపి, చెయ్యి నరికారు. ఆయన ముస్లిం, ఉర్దూలో రాసేవాడు, భారత్‌లో కలవాలన్నవాడు. ఆ ఒక్క పేరు రాస్తే చాలు, నిజాం ప్రభుత్వం వేరు, అక్కడి ముస్లిం ప్రజలు వేరని పాఠకుడికి తెలిసిపోతుంది. అదే నెల 27న బైరాన్‌పల్లిలో బురుజెక్కి ఎదిరించిన ఊరివాళ్లను రజాకార్లు ఊచకోత కోశారు.

ఇవి రాస్తే ఢిల్లీ మాటే మనమూ అన్నట్టవుతుందని నీ భయం. ఢిల్లీ చెప్పినంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు కదా! దండెత్తబోయే ప్రభుత్వం చెప్పేదాన్ని గట్టిగా పరీక్షించు. నిజమని తేలితే నువ్వే ముందు చెప్పు.

ఎందుకంటే నీ అసలు బలం ఆ తరువాత భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదికలో ఉంది. సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయారని దాని అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలు ఘోరంగా బలయ్యారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. బైరాన్‌పల్లిని దాచావని తెలిసిన పాఠకుడు గుల్బర్గానూ నమ్మడు. ఆ చనిపోయినవాళ్లకు నీ వల్ల రెండోసారి అన్యాయం జరుగుతుంది.

2003లో ఇరాక్ యుద్ధాన్ని వద్దన్నవాళ్లకూ ఇదే పరీక్ష. 1988లో సద్దాం హలబ్జాలో విషవాయువుతో కుర్దులను చంపించాడని ఒప్పుకుంటూనే యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్ల మాటే నిలిచింది.

రైలు ఉద్యోగాల కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మా బోటి కుటుంబాల పిల్లలకు రజాకార్లంటే ఎవరో తెలీదు. ఇరుగుపొరుగు హిందీవాళ్లకు అసలే తెలీదు. వాళ్లు నువ్వు రాసిందే చరిత్ర అనుకుంటారు. దూరపు పాఠకుడికి రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి తల్లీ.

‘అటూ తప్పే, ఇటూ తప్పే’ అని మాత్రం ముగించకు. ఎవరి నేరం వాళ్ల పేరునే రాయి. నాలుగో పేరాలో ‘ప్రశాంత రాజ్యం’ కొట్టేసి అక్కడ ఆగస్టు 27 రాయి. ఆ తరువాత సుందర్‌లాల్ నివేదికకు రా. తిరగరాసి పంపు, చదువుతాను.

మీ తాతయ్య