ఆసియా బాడ్మింటన్ సమాఖ్య: దాని పుట్టుక, దాని పని

సాయంకాలము మన పాఠశాల యావరణమున సున్నపు గీతలు గీచి, వల కట్టి, షటిల్ ఆడు బాలబాలికలకు గాలియే మొదటి శత్రువు. గుట్టమీదినుండి గాలి దిగినచో ఐదు గ్రాముల యెత్తుగల ఆ యీకల బంతి ఎవరి మాటయు వినదు. అప్పుడు "లోపల పడినది", "లేదు, బయట పడినది" అని జగడములు పుట్టుట నేను పలుమార్లు చూచితిని. జగడము తీరుటకు నియమములు వలెను. నియమములు చేయుటకు సంఘము వలెను. ఆ సంఘమున ఎవరి మాట చెల్లవలెను? ఆసియా బాడ్మింటన్ సమాఖ్య చరిత్రము చాలవఱకు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

మొదట ఒక సందేహము తీర్చెదను. ఉన్ని బంతితో వలకు ఇరువైపుల ఐదుగురేసి నిలిచి యాడు బాల్ బాడ్మింటన్ వేఱు ఆట. మన పెద్దలు పాఠశాలలలో ఆడినది తఱచుగా అదియే. ఈ వ్యాసము ఈకల షటిల్‌తో ఇద్దరుగాని నలుగురుగాని ఆడు ఆటను గూర్చినది.

ఈ యాటను పందొమ్మిదవ శతాబ్దమున పూనాలోని ఆంగ్ల సైనికోద్యోగులు మిక్కిలి యిష్టముతో ఆడిరి. తరువాత ఇంగ్లాండులోని బాడ్మింటన్ అను భవనము పేరు దానికి స్థిరపడెను. 1934లో అంతర్జాతీయ సమాఖ్య యేర్పడినప్పుడు స్థాపక సభ్యదేశములు తొమ్మిది. వానిలో ఆసియా దేశ మొక్కటియు లేదు. అయినను, పురుషుల జట్లకు ఉద్దేశింపబడిన థామస్ కప్పు మొదటిసారి, అనగా 1949లో, మలయా దేశమునకు దక్కెను. 1952లోను 1955లోను మలయాయే గెలిచెను. 1958లో ఇండొనీషియా గెలిచెను. ఆట గెలుచువారు తూర్పున, ఆటను శాసించువారు పడమట! ఇట్టి స్థితిలో 1959వ సంవత్సరమున కౌలాలంపూరు నగరమున ఆసియా సమాఖ్య పుట్టెను. యూరపు ఖండమువారు తమ సమాఖ్యను 1967లో గాని స్థాపింపలేదు.

ఆసియా సమాఖ్య 1962లో కౌలాలంపూరులోనే తన మొదటి ఖండ పోటీలను జరిపెను. 1965లో అవి లక్నో నగరమున జరిగినప్పుడు మన దేశస్థుడగు దినేశ్ ఖన్నా పురుషుల సింగిల్స్ గెలిచెను. పిదప 1976లో ఆ పోటీలు మనకు దాదాపు అఱువది కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదునకే వచ్చెను. ఈ సంగతి మన విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. అది కేవలము ఆటల పండుగ కాదు. అప్పటికి చైనా అంతర్జాతీయ సమాఖ్యలో చేరియుండలేదు. ఆ దేశపు ఆటగాండ్రు 1965లోనే డెన్మార్కు, స్వీడను దేశములకు పోయి అక్కడి మేటివారిని ఓడించి వచ్చినను, ప్రపంచ పోటీలలో వారికి చోటు లేకపోయెను. అట్టివారిలో హౌ జియాచాంగ్ ఒకడు. అతడు ముప్పది యేండ్లు దాటిన వయస్సున హైదరాబాదులో ఆసియా విజేత యయ్యెను. లోకము మూసిన తలుపును ఆసియావారు తెఱచిరి. ఆ పోటీలలోనే మన ప్రకాశ్ పడుకోనె సింగిల్స్‌లో కాంస్య పతకము పొందెను.

అయితే న్యాయమంతయు ఒక పక్షముననే యుండెనని నేను చెప్పజాలను. చైనావారు తాము చేరవలెనన్న తైవాను సభ్యత్వమును తొలగింపవలెనని కోరిరి. ఒకరికి చోటిచ్చుటకు మఱియొకరిని లేపుట యెంతవఱకు ధర్మమో పాఠకులే యోచింతురు గాక. దీనికి తోడు, అంతర్జాతీయ సమాఖ్యలో అన్ని దేశములకు సమానముగ ఓట్లు లేవను కోపము కూడ నుండెను. చివరకు 1978లో ఆసియా, ఆఫ్రికా దేశములు కొన్ని హాంకాంగులో వేఱొక ప్రపంచ సమాఖ్యను స్థాపించెను. ఒకే ఆటకు ఇద్దరు ప్రపంచ విజేతలు! మూడేండ్ల చీలిక తరువాత 1981లో రెండు సమాఖ్యలును ఒకటయ్యెను. ఇంగ్లాండులోనుండిన ప్రపంచ కార్యాలయము సయితము 2005లో కౌలాలంపూరునకు తరలివచ్చెను.

నేడు ఆసియా సమాఖ్య యేటేట ఖండ పోటీలను, రెండేండ్లకొకసారి జట్ల పోటీలను నడుపుచున్నది. జట్ల పోటీలు థామస్, ఊబర్ కప్పులకు ద్వారములు. 2016లో అవి హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగెను. 2023లో దుబాయిలో మన కోనసీమ అమలాపురపు యువకుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కూడి డబుల్స్ గెలిచెను. ఖన్నా తరువాత భారతదేశమునకు ఖండ పోటీలలో స్వర్ణము దక్కుటకు ఏబది యెనిమిదేండ్లు పట్టెను! మఱుసటి సంవత్సరము షా ఆలమ్‌లో పూసర్ల వెంకట సింధు, పుల్లెల గాయత్రి మొదలగువారున్న మన స్త్రీల జట్టు అంతిమ పోటీలో థాయిలాండును మూడు ఆటలకు రెండుగా ఓడించెను. రెండు జట్లును సమానముగ నిలిచినప్పుడు కడపటి యాట గెలిచినది పదునేడేండ్ల అన్మోల్ ఖర్బ్. మన పదియవ తరగతివారికంటె ఒకటి రెండేండ్లే పెద్దది.

ఆటలో వెనుకబడినవారికిని ఈ సమాఖ్యలో పని గలదు. అంపైర్లను పరీక్షించి పట్టా లిచ్చుట దాని ముఖ్య కార్యములలో నొకటి. రాష్ట్రము, దేశము, ఖండము, ప్రపంచము అని మెట్లు ఎక్కవలెను. గీత యొద్ద కూర్చుండు న్యాయనిర్ణేత షటిల్ బయట పడినచో చేతులు రెండును అడ్డముగ చాపి కేకవేయును. లోపల పడినచో మాటాడక కుడిచేతితో గీతను చూపును. తనకు కనబడకపోయినచో రెండు చేతులతోను కన్నులు మూసికొనును. మన యావరణమున జగడమాడువారు ఈ మూడవ సైగను ఇంకను నేర్చికొనలేదు.