పది లక్షల గడుల చిత్రం

ఉద్దేశం: పరిమితమైన అవకాశాల నడుమ సహకారం ఎలా పుడుతుందో విద్యార్థులకు తెలియజేయడం.

పాఠ్యభాగం

చిత్రలేఖనం సాధారణంగా ఏకాంత కళ. కుంచె పట్టినవాడి నిర్ణయానికి అక్కడ తిరుగుండదు. అయితే సంక్రాంతి ముగ్గు విషయం వేరు. ఒకరు చుక్కలు పెడితే మరొకరు గీతలు కలుపుతారు. ఇంకొకరు రంగులు నింపుతారు. వారంతా ఒక ఇంటివారో, ఇరుగుపొరుగువారో అయి ఉంటారు. ముఖపరిచయం కూడా లేని లక్షలమంది ఇలా కలిసి ఒకే చిత్రాన్ని గీయగలరా? ఈ ప్రశ్నకు 2017లో అంతర్జాలం ఒక సమాధానం చెప్పింది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న రెడిట్ అనే అమెరికన్ వెబ్‌సైటు ‘ప్లేస్’ పేరుతో ఒక ప్రయోగాన్ని ప్రారంభించింది. దీని రూపకల్పనలో ముఖ్యుడు జోష్ వార్డల్. తరువాతి కాలంలో ‘వర్డల్’ అనే పదక్రీడను సృష్టించినవాడూ ఇతడే.

కంప్యూటర్ తెరపై కనిపించే బొమ్మ చిన్నచిన్న చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. ప్లేస్‌లో అడ్డంగా 1000, నిలువుగా 1000, మొత్తం 10 లక్షల పిక్సెళ్ల తెల్లని పటాన్ని అందరి ముందూ ఉంచారు. 16 రంగులు ఇచ్చారు. ఒక పిక్సెల్‌కు రంగు వేసినవారు మరొకటి వేయడానికి కొంతసేపు వేచి ఉండాలి. ఈ గడువు 5 నుంచి 20 నిమిషాల వరకు మారుతూ వచ్చింది. ఒకరు వేసిన రంగుపై ఎవరైనా మరో రంగు వేయవచ్చు.

16 రంగులలో ఒకదానిని గుర్తించడానికి 4 బిట్లు చాలు. అందువల్ల పటమంతా 5 లక్షల బైట్లలోనే ఇమిడింది. ఒకరు చేసిన మార్పును సర్వర్ వెంటనే మిగిలినవారి తెరలకు పంపేది.

గంటకు 12 చుక్కలకు మించి ఎవరూ వేయలేరు. వేసినవి నిలుస్తాయన్న హామీ లేదు. కాబట్టి ఒంటరిగా ఏదీ సాధించలేమని అందరికీ త్వరగానే అర్థమైంది. జనం బృందాలుగా ఏర్పడ్డారు. ఏ గడిలో ఏ రంగు ఉండాలో సూచించే నమూనాలు తయారుచేసుకొన్నారు. జాతీయపతాకాలు వెలిశాయి, మోనాలిసా రూపుదిద్దుకొంది. మానవప్రయత్నానికి బదులు ప్రోగ్రాములతో రంగులు వేయించినవారూ లేకపోలేదు.

సృష్టి ఉన్నచోట విధ్వంసమూ ఉంటుంది. ఒక బృందం కేవలం నల్లరంగుతో ఇతరుల చిత్రాలను కప్పివేసింది. పటం మధ్యలోని అమెరికా జెండాను అది మింగివేయగా, అనేకులు చేతులు కలిపి దానిని తిరిగి నిలబెట్టారు. విస్తరిస్తూ వచ్చిన జర్మనీ జెండా ఫ్రాన్స్ జెండాను ఆక్రమించింది. పోరు చాలాసేపు సాగింది. చివరకు ఆ రెండింటి నడుమ ఐరోపా సమాఖ్య పతాకం, శాంతికపోతం వెలిశాయి. ఈ రాజీని ఏ అధికారీ విధించలేదు.

72 గంటలలో 10 లక్షలకు పైగా జనం దాదాపు 1 కోటి 60 లక్షల సార్లు రంగులు వేశారు. 2022లో ఈ ప్రయోగాన్ని మళ్లీ నిర్వహించినప్పుడు కోటిమందికి పైగా పాల్గొన్నారు. చివరి ఘట్టంలో నిర్వాహకులు తెల్లరంగును మాత్రమే మిగిల్చారు. ఎంతో శ్రమతో కాపాడుకొన్న చిత్రాలను ఆ జనమే చుక్క చుక్కగా తుడిచివేశారు. పటం మళ్లీ తెల్లబడింది.

చిత్రం చెరిగిపోయినా దాని కోసం సాగిన సంప్రదింపులు వ్యర్థం కాలేదు. ఒక్క చుక్క విలువ స్వల్పమే. పక్క చుక్కతో పొందిక కుదిరినప్పుడే దానికి అర్థం ఏర్పడుతుంది.

అర్థాలు
కపోతం = పావురం
విధ్వంసం = నాశనం
పొందిక = అమరిక

ప్రశ్నలు
1. ప్లేస్‌లో పాటించవలసిన నియమాలేవి?
2. వేచి ఉండవలసిన గడువు జనాన్ని బృందాలుగా ఎందుకు మార్చింది?
3. జర్మనీ, ఫ్రాన్స్ జెండాల మధ్య పోరు ఎలా ముగిసింది?
4. 2022లో పటం తెల్లబడిన తీరును సొంతమాటల్లో రాయండి.