జోకుకు తెలుగేమిటి?

జోకును తెలుగులో చెప్పమంటే మనవాళ్ళు 'హాస్యోక్తి' అనో 'ఛలోక్తి' అనో అంటారు. రెండూ సంస్కృత సమాసాలే. మరి తెలుగువాళ్ళకి జోకులు లేవా? కావలసినన్ని ఉన్నాయి. లేనిదల్లా అన్నిటికీ కలిపి ఒక్క పేరు.

ఇతర భాషలు చూడండి. ఇంగ్లీషు జోకుకు మూలమైన లాటిన్ మాటకి ఆట, పరిహాసం అని అర్థం. జర్మన్ 'విట్స్' మొదట్లో తెలివి. ఉర్దూ 'లతీఫా' అరబ్బీ నుంచి వచ్చింది, సున్నితమైనదని. రష్యన్లు 'అనెక్‌దోత్' అంటారు. గ్రీకులో దానర్థం 'అచ్చుకానిది'. గుసగుసగానే జోకులు తిరిగిన సోవియట్ కాలానికి ఆ పేరెంత అతికిందో! తమిళుల 'నగైచ్చువై' నగవు రుచి. ఆ 'నగై', మన 'నగవు' తోబుట్టువులే.

ఇవన్నీ జోకు ఎలాంటిదో చెబుతాయి. మన తెలుగు మాటలు మాత్రం ఎవరు ఎవరిమీద వేశారో చెబుతాయి. బావామరదళ్ళ మధ్య సరసం. పెళ్ళిలో వియ్యపురాళ్ళు మేలమాడుకుంటారు. స్నేహితులవి పరాచకాలు. వేళాకోళం వరకూ ఇద్దరూ నవ్వుకోవచ్చు. ఎకసెక్కెం దగ్గర ఒకరి నవ్వు ఆగిపోతుంది. ఎగతాళిలో నవ్వేది ఒకడే. వెటకారం, అదే మనవాళ్ళ నోట ఎటకారం, నవ్వకుండానే పొడుస్తుంది. నాట్యశాస్త్రం స్మితం మొదలు అతిహసితం దాకా నవ్వులు ఆరన్నది గాని, అది చూసింది నవ్వేవాడి మొహం. మన మాటలు నవ్వులపాలైనవాడి మొహం కూడా చూశాయి.

ఈ గొడవంతా ఎందుకంటారా? మాడుగుల వైపు పల్లె నుంచి వచ్చిన కుర్రాడు క్లాసులో లేచి "ఏటండీ" అంటాడు. వెనకబెంచీలు ఘొల్లుమంటాయి. వాడి మొహం చిన్నబోతే "ఊరికే జోకురా!" అని భుజం తడతారు. ఆ మాటతో అంతా మాఫీ! "ఊరికే ఎగతాళి చేశానురా" అని చూడమనండి, నోరు పెగలదు. ఇక సినిమాల్లోనా, మన యాస పలికేది తరచు నౌకరో, హాస్యగాడో.

ఈ ప్రాంతపు వాడుకమాటలతోనే గురజాడవారు 'కన్యాశుల్కం' రాశారు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అందులో మనం పడిపడి నవ్వేది పల్లెయాసకి కాదు, గిరీశం ఇంగ్లీషుకి.