శ్రద్ధయు ప్రశ్నయు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపురము కలదు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. ఆ ప్రాంతము హైటెక్ సిటీ యని ప్రసిద్ధి కెక్కినది. రాళ్లగుట్టలున్న చోట అద్దాల మేడలు లేచినవి. అచ్చటి యువతీయువకులు పగలెల్ల కంప్యూటర్ల ముందు కూర్చుండి, ప్రతి ఫలమునకును హేతువును వెదకుదురు.

వారిలో ననేకులు గండిపేట చెరువునకు సమీపముననున్న చిలుకూరు బాలాజీ ఆలయమునకు పోవుదురు. ఆ గుడిలో హుండీ లేదు. భక్తులు మ్రొక్కుకొని 11 ప్రదక్షిణములు చేయుదురు. కోరిక యీడేరిన పిమ్మట మరల వచ్చి 108 ప్రదక్షిణములు చేయుదురు. విదేశములకు పోగోరువారు విరివిగా వచ్చుటచే ఆ స్వామికి 'వీసా బాలాజీ' యను పేరు వచ్చినది.

అట్టి గుడికి పెద్దలతో పోయిన బాలునకు సందేహములు పుట్టుట సహజము. "ప్రదక్షిణము చేసినచో వీసా వచ్చునా? చేసియు రానివారి మాట యేమి? దేవుడు అందరివాడైనచో కొందరిని గుడి వెలుపల నేల నిలిపిరి?" అని యతడడుగును. కొందరు పెద్దలు "తప్పు! కన్నులు పోవును" అని గద్దింతురు. మరికొందరు "అదంతయు వట్టి మూఢత్వము" అని నవ్వి త్రోసివేయుదురు. మొదటివారు భయము నిచ్చిరి; రెండవవారు హేళన నిచ్చిరి; సమాధానము నెవరును ఈయలేదు. నోరు మూసినంత మాత్రమున ప్రశ్న నశింపదు. అది లోలోపల నుండి పెద్దలయందలి విశ్వాసమునే కొరికివేయును.

మన పూర్వులు ప్రశ్నను చిన్నచూపు చూడలేదు. కఠోపనిషత్తున నచికేతుడను బాలుడు కలడు. తండ్రి యజ్ఞమునందు వట్టిపోయిన ముసలి యావులను దానమిచ్చుచుండగా, ఆ బాలునియందు శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. ఆ శ్రద్ధ నుండియే అతని ప్రశ్న పుట్టెను. తండ్రి కోపించి, నిన్ను యమునకిత్తు ననెను. యముని యింట మూడు రాత్రులు నిరాహారుడై వేచి, మరణానంతరము జీవుడు కలడా, లేడా యని అతడు యమునే అడిగెను. యముడు ధనమును, దీర్ఘాయువును ఆశ చూపినను బాలుడు చలింపలేదు. యముడు సంతసించి అతనికి బోధించెను. తండ్రి కసరిన ప్రశ్నను మృత్యుదేవత మన్నించెను.

వంగదేశమున నరేంద్రుడను యువకుడు "మీరు దేవుని చూచితిరా?" అని పెద్దల నడుగుచుండెను. శ్రీ రామకృష్ణ పరమహంస కోపింపక, చూచితినని చెప్పిరి. అంతేకాదు, వర్తకుడు నాణెమును పరీక్షించునట్లు తన్నును పరీక్షించి చూడుమనిరి. ఆ నరేంద్రుడే వివేకానందుడై, 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబు కళాశాలలో ఉపన్యసించెను.

ప్రశ్నించిన వారందరును భక్తులే కానక్కరలేదు. గోరా యని పేరొందిన గోపరాజు రామచంద్రరావు గారు నాస్తికులు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. పరమ భక్తుడైన గాంధీజీ వారిని సేవాగ్రామమునకు రప్పించుకొని, ఓర్పుతో చర్చించిరి. ఇరువురును తమ తమ అభిప్రాయములను విడువలేదు, స్నేహమును విడువలేదు. అస్పృశ్యతను రూపుమాపుటలో ఒకరికొకరు తోడైరి.

కొన్ని ప్రశ్నలకు మాటలు చాలవు, చేత కావలెను. శ్రీరంగమున అంటరానివాడని యెంచబడిన తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజములపై మోసికొని స్వామి సన్నిధికి తెచ్చెనని వైష్ణవుల గాథ. 2018 ఏప్రిల్ మాసమున చిలుకూరు అర్చకులు శ్రీ సి. ఎస్. రంగరాజన్, హైదరాబాదులోని జియాగూడ రంగనాథాలయమున నొక దళిత భక్తుని తమ భుజములపై నెక్కించుకొని లోనికి పోయిరి. "కొందరిని వెలుపల నేల నిలిపిరి?" అను ప్రశ్నకు అది యొక యుత్తరము.

మన రాజ్యాంగమును ఈ మార్గమునే చూపినది. 25వ అధికరణము ప్రతివానికిని అంతఃకరణ స్వేచ్ఛ నొసగుచున్నది. 1976లో చేర్చబడిన 51-ఎ అధికరణము శాస్త్రీయ దృష్టిని, మానవతను, జిజ్ఞాసను పెంపొందించుకొనుట పౌరుల విధి యని పలుకుచున్నది. నమ్ముటకును, అడుగుటకును అందు చోటు కలదు.

బాలబాలికలారా! అడుగుట తప్పు కాదు. నొప్పించుటకై అడుగుట తప్పు. తోడి విద్యార్థి గుడికి పోవచ్చును, మసీదునకు పోవచ్చును, చర్చికి పోవచ్చును, ఎచ్చటికిని పోకపోవచ్చును. అతని నమ్మకమును పరిహసింపక తెలిసికొనగోరుడు. ఉత్తరము వెంటనే దొరకనిచో నచికేతునివలె వేచియుండుడు. పెద్దలును తమకు తెలియనిచో "తెలియదు, కలిసి ఆలోచింతము" అని చెప్పుటకు సిగ్గుపడరాదు. ఆ మాట విన్న బిడ్డ మరల అడుగుటకు వెనుదీయడు.