ఐదేళ్లూ పళ్లేనా?

కౌన్సెలింగ్‌లో బీడీఎస్ సీటు వచ్చిందని తెలియగానే ఇంట్లో సగంమంది సంబరపడ్డారు, సగంమంది నీళ్లు నమిలారు. అంతేగా? ‘అయితే ఎంబీబీఎస్ రాలేదన్నమాట’ అని ఒక అత్తయ్య ఫోన్‌లో సానుభూతి కూడా చూపించి ఉంటుంది. ‘ఉన్నవే 32 పళ్లు, వాటికి ఐదేళ్లు దేనికే?’ అని బాబాయి ఆటపట్టించి ఉంటాడు. నువ్వు నవ్వేసి గదిలోకి వెళ్లిపోయి ఉంటావు, జవాబు నీకూ సరిగ్గా తెలీదు కాబట్టి. ఇలా వచ్చి కూర్చో అమ్మాయ్. టీ తాగుతూ, అసలు అక్కడ ఏం చదివిస్తారో, దేనికి కంగారుపడాలో, దేనికి అక్కర్లేదో మాట్లాడేసుకుందాం.

చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. మన దగ్గర చాలా కాలేజీలకి పరీక్షలు పెట్టేది ఆంధ్రలో అయితే విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో అయితే వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ. దేశమంతా సబ్జెక్టులు దాదాపు అవే. కాబట్టి ‘వేరే కాలేజీ అయితే ఇంకేదో నేర్పేవాళ్లేమో’ అని మనసు పాడుచేసుకోకు. కాలేజీకీ కాలేజీకీ తేడా ఉండేది ఓపీ దగ్గర. చేరేముందు నాన్నతో కలిసి వెళ్లినప్పుడు బిల్డింగూ, క్యాంటీనూ కాదు, పొద్దున పదకొండింటికి ఓపీ బెంచీల మీద ఎంతమంది పేషెంట్లు కూర్చున్నారో చూసిరా. ఎందుకో ఫైనలియర్ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ఫస్టియర్‌లో పళ్లకంటే మనిషే ఎక్కువ. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అన్నీ ఉంటాయి. డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ వాసనకి కళ్లు మండుతుంటే, తలా మెడా భాగంలో ఒక్కో నరం వెతుక్కుంటూ నిలబడాలి. మొదటిరోజు కళ్లు తిరిగితే సిగ్గుపడాల్సిందేమీ లేదు. బయటికొచ్చి మొహం కడుక్కుని మళ్లీ లోపలికి వెళ్లు. టిఫిన్ మానేసి మాత్రం వెళ్లకు. నాలుగు రోజులు పోతే ఆ వాసన ముక్కుకి పట్టదు.

‘పళ్ల డాక్టరుకి ఇన్ని నరాలు దేనికి?’ అని మనందరికీ అనిపిస్తుంది. కింది దవడ పన్ను తీయాలంటే ఆ పన్ను పక్కన సూది గుచ్చితే సరిపోదు, దవడ ఎముక అక్కడ గట్టిగా ఉంటుంది. దవడ లోపలివైపు, వెనగ్గా, నరం ఎముకలోకి దూరే చిన్న రంధ్రం ఉంటుంది. కంటికి కనబడని ఆ చోటికి సూది పంపించి మందు వదలాలి. అక్కడ దారి చూపించేది ఫస్టియర్‌లో ఏడుస్తూ వేసిన నరాల బొమ్మే. కాసేపటికి పేషెంటు ‘ఇటుపక్క పెదవి లావెక్కినట్టుందేంటమ్మా’ అని తడుముకుంటే, మందు సరైన చోట పడిందన్నమాట. ఆ మాట విన్నరోజున అనాటమీ మీద మనకున్న కోపమంతా దిగిపోతుంది.

అదే ఏడాది డెంటల్ అనాటమీ కూడా ఉంటుంది. నా లెక్కలో బీడీఎస్ అసలు మొదలయ్యేది ఇక్కడే. చేతికి ఒక మైనపు దిమ్మా, ఒక కార్వరూ ఇచ్చి, పై వరసలో మధ్యనుండే ముందు పన్ను చెక్కమంటారు. ఆ పన్ను కిరీటం సగటున 10.5 మిల్లీమీటర్ల పొడవు, 8.5 మిల్లీమీటర్ల వెడల్పు. వేరు 13 మిల్లీమీటర్లు. చెక్కడానికి వీలుగా ఆ కొలతల్ని పెంచి దిమ్మ మీద గీతలు గీయిస్తారు. తర్వాత పొరలు పొరలుగా తీస్తూ పోవాలి. పక్క పన్నుతో నడిమధ్యలో కలిసే మూల దాదాపు లంబకోణంలో, రెండో మూల కాస్త గుండ్రంగా రావాలి. ఆ గుండ్రం చూసే అది కుడి పన్నో ఎడమ పన్నో మేడమ్ చెప్పేస్తారు. నువ్వు రెండు మూలలూ ఒకేలా చెక్కావనుకో, ‘ఇది ఎవరి నోట్లో పెడదాం?’ అని అడుగుతారు. పై వరస మొదటి దవడ పన్ను దగ్గరికి వచ్చేసరికి మూడు వేర్లు, నాలుగు కొనలు. కొందరికి లోపలివైపు కారబెల్లి అని ఇంకో చిన్న బొడిపె కూడా.

‘అక్కా, నాకు డ్రాయింగే రాదు, ఇదెలా వస్తుంది?’ అంటావు. వస్తుంది. చెయ్యి గాల్లో ఆడకుండా ఉంగరం వేలిని దిమ్మకి ఆనించుకో. పల్చగా గీకు. మైనం ఎక్కువ పోయిందంటే దిమ్మ మార్చాల్సిందే. మన ఎండాకాలంలో మైనం చేతి వేడికే మెత్తబడిపోతుంది, పక్కన చల్లటి నీళ్ల గిన్నె పెట్టుకుని మధ్యమధ్యలో ముంచు. హాస్టల్లో రాత్రి ఫోన్ చూసే టైమ్‌లో ఒక పావుగంట దీనికిస్తే చాలు. ఆ వేలి ఆసరా రేపు పేషెంటు నోట్లో డ్రిల్ పట్టుకున్నప్పుడు కూడా వదలకూడదు, అందుకని ఇప్పుడే అలవాటు చేసుకో. అన్నట్టు, గోళ్లు పెంచుకోవడం ఈ ఐదేళ్లూ మర్చిపో.

సెకండియర్ థియరీ బరువే. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, వీటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, చదవాలి, అంతే. వీటి పక్కన డెంటల్ మెటీరియల్స్ అని ఒకటుంటుంది, దాన్ని చిన్నచూపు చూడకు. అచ్చు తీసే ఆల్జినేట్ పొడి ఉంది కదా, నీళ్లు పోసి రబ్బరు గిన్నె గోడకేసి గబగబా రుద్దుతూ కలపాలి. ట్రేలో వేసి నోట్లో పెట్టిన కాసేపటికే గట్టిపడుతుంది. ఆ తీసిన అచ్చుని బల్ల మీద పెట్టి కబుర్లలో పడ్డామా, గాలికి నీరు పోయి కుంచించుకుపోతుంది. దాంట్లో పోసిన ప్లాస్టర్ నమూనా పేషెంటు నోటి కొలతకి రాదు, దాని మీద చేసిన కట్టుడు పళ్లు కూర్చోవు. పుస్తకంలో ఒక పేరా చదవకపోతే పాపం ఒక పెద్దాయన అన్నం నమల్లేడన్నమాట! అందుకే ఆ సబ్జెక్టు మీద నాకు కాస్త పక్షపాతం.

ల్యాబ్‌లో బొమ్మ తల ఒకటుంటుంది, ఫాంటమ్ హెడ్ అంటారు. దాని నోట్లో పళ్లు బిగించి, వాటికి గుంటలు తొలిచి, నింపడం నేర్పుతారు. పై పళ్ల లోపలివైపు నేరుగా కనబడదు, చిన్న అద్దంలో చూస్తూ పని చెయ్యాలి. డ్రిల్ ముందుకి జరిపితే అద్దంలో వెనక్కి జరుగుతుంది. మొదట్లో చెయ్యి మాట వినదు, కన్నీళ్లొస్తాయి. అద్దంలో చూసి బొట్టు పెట్టుకోవడం చిన్నప్పుడు ఎలా పట్టుబడిందో ఇదీ అలాగే పట్టుబడుతుంది. ఒక కాగితం మీద గీతలు గీసి, వాటిని అద్దంలో చూస్తూ పెన్సిల్‌తో దిద్దు. కొన్నాళ్లకి నీకే తెలుస్తుంది.

ప్రాక్టికల్స్‌కి పీకేసిన నిజం పళ్లు కూడా తెచ్చుకోమంటారు. ఇది విని అమ్మ ముక్కు మీద వేలేసుకుంటుంది, ఫర్లేదు. ఊళ్లో తెలిసిన డెంటల్ క్లినిక్కుల్లో ఒక సీసా ఇచ్చి అడిగితే దాచిపెట్టి ఇస్తారు. చేతికి గ్లవ్స్ లేకుండా మాత్రం ముట్టుకోవద్దు. కాలేజీలో చెప్పిన పద్ధతిలో శుభ్రం చేశాకే వాడు. ఇంకో సంగతి, హెపటైటిస్ బి టీకా. మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. క్లినిక్‌లోకి అడుగుపెట్టేసరికి మూడూ అయిపోయి ఉండాలంటే ఫస్టియర్‌లోనే మొదలుపెట్టాలి. ఇందులో బద్ధకిస్తే మాత్రం ఊరుకోను.

మూడో ఏడాది జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ వస్తాయి. పెద్దాసుపత్రి వార్డుల్లో పోస్టింగులు పడతాయి. ‘మనకెందుకు ఇవి?’ అని పిల్లలు వెనక బెంచీలో నిద్రపోయేది ఈ క్లాసుల్లోనే. కానీ పన్ను పీకించుకోవడానికి వచ్చే అరవై ఏళ్ల మనిషి ఒక్క పన్నే తెచ్చుకోడు కదా? బీపీ తెచ్చుకుంటాడు, షుగర్ తెచ్చుకుంటాడు, రక్తం పల్చబడే మాత్రలు తెచ్చుకుంటాడు. మనం ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో మామూలుగా అడ్రినలిన్ కూడా ఉంటుంది. గుండె జబ్బుందో లేదో అడక్కుండా సూది పట్టుకుంటే ఎలా? ‘ఏం మందులు వాడుతున్నారు పెద్దమ్మా, చీటీ ఉందా?’ అనే ప్రశ్న మన నోటికి ఆ వార్డుల్లోనే వస్తుంది. కాబట్టి ముందు బెంచీలో కూర్చో.

ఓరల్ పాథాలజీ కూడా ఆ ఏడాదే. మైక్రోస్కోప్ కింద అన్నీ గులాబీరంగు, ఊదారంగు మరకల్లాగే కనబడి భయపెడతాయి. రికార్డులో బొమ్మ సొంతంగా వేసుకుంటే ఆ భయం సగం పోతుంది. ఈ సబ్జెక్టులో మన నేల కనిపిస్తుంది, తెలుసా? శ్రీకాకుళం, విశాఖ వైపు తీరప్రాంతపు ఆడవాళ్లలో చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటుంది, అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకీ అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుళ్లు వస్తాయి, కొందరిలో అవి క్యాన్సర్ దాకా వెళ్తాయి. గుట్కా నమిలేవాళ్లకి బుగ్గల లోపల బిగుసుకుపోయి నోరే తెరుచుకోదు. అద్దం పట్టుకుని పిప్పి పన్ను చూడ్డానికి వంగిన మనమే ఆ మచ్చని ముందు చూసేది. పళ్ల డాక్టరు చదువు చిన్నదనే మాట నాకు అందుకే నచ్చదు.

ఫైనలియర్‌లో ఎనిమిది సబ్జెక్టులు. పన్ను తీయడం, దవడ ఆపరేషన్లు ఒకటి; రూట్ కెనాల్, ఫిల్లింగులు ఒకటి; చిగుళ్లు, కట్టుడు పళ్లు, క్లిప్పులు, పిల్లల పళ్లు, ఎక్స్‌రేలూ నోటి జబ్బులూ, ఆఖరున ప్రజారోగ్యం. ఈ చివరిదాన్ని మార్కుల కోసం చదివేసి వదిలేస్తుంటారు. మనవాళ్లకి అది తగదు. ఉమ్మడి నల్గొండలో, ప్రకాశంలో గోధుమరంగు చారలున్న పళ్లతో నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వే పిల్లల్ని చూశావుగా. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి డాక్టర్లు రాశారు. అది గార కాదు, ఎంత గీకినా పోదు. చిన్నప్పుడు చిగురు లోపల ఎనామెల్ తయారవుతున్న రోజుల్లోనే తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ దాన్ని పాడుచేసింది. స్కూళ్లకి తీసుకెళ్లి ఒక్కో పిల్లాడి పళ్లూ చూసి ఆ మచ్చలకి డీన్ సూచికతో స్థాయి వేయించేటప్పుడు, పిల్లాణ్ని నలుగురిలో ‘నోరు తెరువు’ అనకు. పక్కకి పిలిచి చూడు.

ఓపీ సంగతి చెప్తానన్నాను కదా. ఫైనలియర్‌లో ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని సెట్లు కట్టాలి అని కోటా ఉంటుంది. పేషెంట్లు రాని కాలేజీలో పిల్లలు ఊళ్లలో చుట్టాలకి ఫోన్లు చేసి బతిమాలుకుంటారు. ఆ టెన్షన్‌లో పేషెంటు మనకి ఒక అంకెలా కనబడే ప్రమాదముంది. పూర్తి పళ్ల సెట్టు ఒక్కరోజులో అవదు. ముందు అచ్చు, తర్వాత ఇంకా సరైన అచ్చు, దవడలు కలిసే కొలత, మైనంలో పళ్లు అమర్చి చూపించడం, ఆఖరికి సెట్టు ఇవ్వడం, కనీసం ఐదుసార్లు రావాలి. ఊరి నుంచి బస్సులో వచ్చే మామ్మ అన్నిసార్లు రావాలంటే? నువ్వే ఆవిడ బస్సు టైము అడిగి తెలుసుకుని ఆ ప్రకారం రమ్మను. మనవడి ఫోన్ నంబర్ రాసుకుని ముందురోజు గుర్తుచెయ్యి. భోజనం టైమ్ దాటితే ఏదైనా తిన్నారా అని అడుగు. అలా చూసుకుంటే రెండోసారి ఆవిడ వస్తూ పక్కింటావిణ్ని కూడా వెంటబెట్టుకొస్తుంది. కోటా తిప్పలు సగం అక్కడే తీరిపోతాయి.

ఎడమచేతి వాటం అయితే ముందే చెప్పుకో. ట్రే, డ్రిల్ అన్నీ కుడిచేతి వాళ్లకి అమర్చి ఉంటాయి. నువ్వు పేషెంటుకి అటువైపు కూర్చుని చేసుకోవచ్చు. మొహమాటపడి కుడిచేత్తో అవస్థపడకు. ఇంక మెడ, నడుము. నోట్లోకి తొంగిచూస్తూ వంగిపోవడం మన వృత్తికి అంటిన జబ్బు. మనం వంగడం కాదు, కుర్చీ ఎత్తు సర్ది పేషెంటు తల మనకి అందేలా పెట్టుకోవాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచు.

‘అయిపోయాక ఏంటి?’ అని అమ్మ బెంగ. హౌస్ సర్జన్సీ అవగానే రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదైతే ప్రాక్టీసు చేసుకోవచ్చు. ఇంకా చదవాలంటే నీట్ ఎండీఎస్ రాసి మూడేళ్ల ఎండీఎస్. ఏ బ్రాంచి అని ఇప్పుడే జుట్టు పీక్కోకు. హౌస్ సర్జన్సీలో అన్ని డిపార్ట్‌మెంట్లూ తిప్పుతారు. ఎక్కడ లంచ్ టైమ్ మర్చిపోయి పనిలో పడ్డావో అది గుర్తుపెట్టుకో, తేల్చుకోవడానికి అది చాలు.

సామాన్లు మొదటిరోజే లిస్టంతా కొనేయకు. ఎముకల సెట్టు, కార్వర్లు, రబ్బరు గిన్నె, పుస్తకాలు సీనియర్ అక్కల దగ్గర సగం ధరకి దొరుకుతాయి. ఎయిరోటర్ హ్యాండ్‌పీస్, అంటే డ్రిల్, మాత్రం ఎవరు ఎంత చవగ్గా ఇస్తానన్నా పాతది వద్దు, బిల్లుతో కొత్తది తీసుకో. ఏప్రాన్లు మూడు కుట్టించు, జేబులు లోతుగా పెట్టమను. ప్లాస్టర్ అంటుకుని ఆరిపోతే ఉతికినా ఓ పట్టాన వదలదు, అందుకని ల్యాబ్ నుంచి రాగానే నీళ్లలో నానెయ్యి.